జగ్గమ్మ చెప్పిన జవాబు

షాలిమార్ గూడ్స్ యార్డు వెనక తెలుగు కూలీల బస్తీలో శుక్రవారాలు నడిచే ఉచిత డిస్పెన్సరీని ఉంచాలా ఎత్తేయాలా అన్నది భాను చేతిలోని ట్యాబ్ తేల్చాలి. మూడొందల ఇళ్లు, ఇరవై ప్రశ్నలు. రాసినదే చదవాలి, ఒక్క మాట కలపకూడదు, రెండోసారి గుచ్చి అడగకూడదు. సర్వే నడిపే సాల్ట్ లేక్ ఆఫీసులో అరుంధతి మేడమ్ మూడు రోజులు కూర్చోబెట్టి నేర్పింది.

"ఒకరిని ఒకలా, ఇంకొకరిని ఇంకోలా అడిగితే ఆ జవాబులు పక్కపక్కన పెట్టి చూడలేం, భానూ."

ఆ మాట భానుకి నచ్చింది. రెండేళ్ల క్రితం సర్వేకి వచ్చినవాళ్లు తమకు తోచింది అడిగి, తొక్కని గడపల జవాబులు టీ కొట్టులో కూర్చుని నింపేసుకుపోయారు. తను పుట్టి పెరిగిన బస్తీలో ఆ మోసం మళ్లీ జరగనివ్వదు. బెంగాలీ బడిలో చదివిన తనకు తెలుగు చదవడం సరిగా రాదు గనక తెలుగు ప్రశ్నల్ని బెంగాలీ అక్షరాల్లో ఎక్కించుకుని మరీ బయల్దేరింది.

జగ్గమ్మ భర్త బైరాగి ఇరవై ఏళ్లు యార్డులో సిమెంటు బస్తాలు మోసి పోయాడు. భాను గుమ్మంలోంచి పిలవగానే ఆవిడ తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి కూర్చుంది.

"గత నెలలో మీకు ఊపిరాడక ఇబ్బంది కలిగిందా? అవును, లేదు, తెలియదు. ఒకటి చెప్పాలి, పెద్దమ్మా."

"ఏటీ నేదమ్మా. బాగానే ఉన్నాను."

ఇంటికొచ్చిన మనిషికి మంచినీళ్లైనా ఇవ్వకుండా రోగాల చిట్టా విప్పడం వాళ్లలో లేదు. అది భానుకి తెలియనిదేం కాదు. వేలు ఒక్క క్షణం ఆగి, ‘లేదు’ నొక్కింది.

ఇరవయ్యో ప్రశ్న అయ్యాక టీ వచ్చింది. టీతో పాటు అసలు సంగతీ వచ్చింది.

"పడుకుంటే ఊపిరందదు గుంటా. గోడకి ఆనుకుని కూకుంటాను. సుక్రారం డాక్టరుబాబు ఇచ్చిన మందే నాకు దిక్కు."

చెబుతుండగానే దగ్గు తెర ముంచుకొచ్చి చేతిలో టీ ఒలికిపోయింది. భాను వీపు నిమిరింది. ట్యాబ్ సంచిలోనే ఉంది, దిద్దే వీలూ ఉంది. తీయలేదు.

అలా ఎన్ని ఇళ్లలో టీ తాగిందో. ఇంత శుభ్రమైన సర్వే తానెప్పుడూ చూడలేదని అరుంధతి మేడమ్ అందరి ముందూ మెచ్చుకుంది. ఆ మెప్పు ఇంటికి మోసుకొచ్చి తల్లికి చెప్పుకుంది కూడా, సిగ్గులేని పిల్ల.

రెండు నెలలకు డిస్పెన్సరీ తలుపు మీద బెంగాలీలో కాగితం అంటించారు. జగ్గమ్మ భానునే పిలిచి చదవమంది. వందలో తొంభై మందికి ఊపిరి ఇబ్బంది లేదని సర్వేలో తేలిందట, ఇక డాక్టరు రాడట.

"నాను నేదన్నాను. అది నా తప్పే," అంది జగ్గమ్మ నెమ్మదిగా. "దగ్గు నివ్వు ఇన్నావు కదే, గుంటా. అదెక్కడ రాసినావు?"

భాను ఆ కాగితాన్నే మళ్లీ మొదటినుంచి చదవడం మొదలుపెట్టింది.