పెద్దపిల్లలు నడిపిన బడి

జీతాలు ఆగిపోయాక కూడా మా టీచర్లు చాలాకాలం బడికి వచ్చారు. కొట్టువాళ్ళు అప్పు పెట్టడం మానేశాక వాళ్ళూ మానేశారు. జీతం ఇచ్చేదాకా పాఠం లేదని రాసిన గుడ్డ ఒకటి గేటుకి కట్టి, ఎవరి కడుపు తిప్పలకు వాళ్ళు పోయారు. లెక్కల టీచరు మత్తుకి నమిలే ఖాత్ ఆకు కట్టలు అమ్మాడు. ఒకటో తరగతి టీచరు తఖియ్యా బజారులో కూర్చుని లహూహ్ అట్లు అమ్మింది.

బడి మాత్రం ఆగలేదు. హెడ్మాస్టరు అబ్దుల్ ఖవీ పన్నెండో తరగతి వాళ్ళను పిలిచి, "చిన్నపిల్లలు వీధుల్లో సీసాలు ఏరుకుంటున్నారు, మీకు జాలి లేదా?" అని అడిగాడు. జాలి వాళ్ళకు ఉంది. జీతం ఇవ్వాల్సినవాళ్ళకే లేదు. పెద్దపిల్లలు తలా ఒక తరగతి పంచుకున్నారు. ఒకటో తరగతి అష్వాఖ్‌కి వచ్చింది. ఆ పిల్ల తఖియ్యా కూతురే.

"ఏమే, ఇవాళ ఏం చెప్పావు?" అని తల్లి అడిగింది ఒక సాయంత్రం, పెనం మీద పిండి పోస్తూ.

"రొట్టె పాఠం. గడగడా చెప్పేస్తున్నారమ్మా."

"సంతోషం. నా చోట నువ్వు నిలబడి ఉన్నంతకాలం నేను లేనని ఎవడికి తెలుస్తుంది?"

"మరి వాళ్ళను వీధిలో వదిలేయమంటావా?"

తఖియ్యా అట్టు తీసి గుడ్డలో పెట్టింది. "వదిలేయమనలేను. చెప్పమనీ అనలేను. నన్నడక్కు."

ఆ తర్వాత కొద్దిరోజులకే అష్వాఖ్‌కి అసలు సంగతి తెలిసింది. ముఖ్బిల్ అనే పిల్లాడు పాఠం చదువుతుంటే గాలికి పేజీ తిరిగిపోయింది. వాడు ఆగలేదు. కొత్త పేజీ మీద వేలు పెట్టుకుని పాత పాఠమే చెప్పుకుపోయాడు. ఆమె ఒక్కొక్కరినీ పిలిచి చూసింది. అందరిదీ అదే వరస. ఒక్కరూ చదవడం లేదు. ఆమె పలికింది విని, పాటలా బట్టీ పట్టేశారు.

హెడ్మాస్టరు దగ్గరికి వెళ్ళి చెప్పింది. "వీళ్ళకు ఒక్క అక్షరం రాదు ఉస్తాద్. ఎట్లా నేర్పాలో నాకు తెలియడం లేదు. అమ్మను పిలిపించండి."

"చెబుతున్నారుగా, అది చాలు. ఎల్లుండి విద్యాశాఖ నుంచి పెద్దలు వస్తున్నారు. బడి నడుస్తోందని చూసి పోతారు."

"నడుస్తోందని రాసుకుపోతే టీచర్ల జీతం మాట ఇంకెవరు ఎత్తుతారు?"

అబ్దుల్ ఖవీ కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "అష్వాఖ్, నువ్వు తెలివైనదానివి. నీ పరీక్ష కాగితాల మీద సంతకం పెట్టాల్సింది నేనే."

పెద్దలు వచ్చారు. చేతులు కట్టుకుని లేచి నిలబడిన పిల్లలు రొట్టె పాఠం ఒక్క గొంతుతో అప్పజెప్పారు. వచ్చినవాళ్ళలో పెద్ద అధికారి తల ఊపుతూ విన్నాడు.

"మాషా అల్లా. టీచర్లు లేకపోయినా బడి దివ్యంగా ఉంది," అని పక్కనున్నవాడివైపు తిరిగాడు. "ఇదే రాసుకో."

హెడ్మాస్టరు గుండెమీద చేయి వేసుకుని వంగాడు. సేవ, త్యాగం అంటూ ఏదో మొదలుపెట్టాడు. ఊరికే పని చేయించుకునేవాళ్ళ నోట్లో ఆ రెండు మాటలూ ఎప్పుడూ తయారుగా ఉంటాయి.

"అయ్యా, ఇంకో పేజీ చదివించండి," అంది అష్వాఖ్.

"ఎందుకమ్మా, బాగానే చదివారుగా."

"మీరే తీయండి. ఏ పేజీ అయినా సరే."

అధికారి నవ్వుతూ పుస్తకం మధ్యలో తెరిచి ముందు వరసలో ఉన్న ముఖ్బిల్‌కి ఇచ్చాడు. పేజీ నిండా కొండ మెట్ల పొలాల మీద వాన కురుస్తున్న బొమ్మ. ముఖ్బిల్ మొదటి మాట మీద వేలు పెట్టాడు. "అమ్మ పిండి కలిపింది. అమ్మ రొట్టె కాల్చింది. నాన్న పొలం నుంచి వచ్చాడు." చివరిదాకా తడబడకుండా చెప్పి, సరిగ్గా చెప్పానా అన్నట్టు అష్వాఖ్ ముఖంలోకి చూశాడు.

అధికారి వంగి పేజీలోని వాన బొమ్మ చూశాడు.

"బాగా చెప్పావు నాన్నా, కూర్చో," అందామె. తర్వాత అధికారివైపు తిరిగింది. "వాడి తప్పేం లేదండీ. నాకు వచ్చింది ఇంతే. వీళ్ళకు చదవడం నేర్పగలిగినావిడ బజారులో లహూహ్ అమ్ముతోంది. రాసుకుంటే అది రాసుకోండి."

ఆ మనిషి ఏం రాసుకున్నాడో మాకు ఇప్పటికీ తెలియదు. కారెక్కి వెళ్ళిపోయారు. "రేపటినుంచి నువ్వు ఈ గేటు దాటొద్దు," అన్నాడు హెడ్మాస్టరు. "పరీక్ష సంగతి ఇక మర్చిపో."

విన్న పిల్లలు ఇళ్ళకు పోయి చెప్పారు. పొద్దున్నే ముఖ్బిల్ తాత హాజీ సర్హాన్ కర్ర పొడుచుకుంటూ తఖియ్యా దగ్గరికి వచ్చాడు.

"ఏం టీచరమ్మా, మావాడు చదువుతున్నాడనే అనుకున్నానే. పొయ్యి ముందు కూర్చుని ఎంత బాగా చెబుతాడని."

"చెబుతాడు తాతా."

"నువ్వు రాకపోతే వాడి చదువు ఇట్లా ఏడుస్తుందని ఒక్క మాట చెప్పొద్దా?"

"గేటుకి గుడ్డ కట్టాం కదా."

"చదవడం వస్తేగా నాకు," అన్నాడు ముసలాయన. "నా రాత వాడికి రాకూడదనేగా పంపించింది."

తఖియ్యా పొయ్యి ఆర్పింది. లేచి ఆయనతోపాటు బడివైపు నడిచింది.

వాళ్ళు వెళ్ళేసరికి గేటు బయట అష్వాఖ్ ఉంది. ఆమె పక్కన మిగతా పన్నెండో తరగతి వాళ్ళూ ఉన్నారు. లోపలికి ఒక్కరూ పోలేదు. "మా తరగతుల్లో కూడా పేజీ మార్చి చూశాం టీచరమ్మా," అన్నాడొక అబ్బాయి తఖియ్యాతో, తల దించుకుని.

"నీ పరీక్ష?" అని కూతుర్ని అడిగింది తఖియ్యా.

"రాయనివ్వడట."

తల్లి ఆమె భుజం మీద చేయి వేసింది. రాయనిస్తారులే అని అబద్ధం చెప్పలేదు.

పిల్లల తల్లులూ తాతలూ ఒక్కొక్కరే వచ్చి గేటు ముందు నేలమీద కూర్చున్నారు. గంట కొట్టారు, ఎవరూ లేవలేదు. ఆ రోజు మా బడి మూతపడింది. మూతపడిందని ఊరంతటికీ తెలిసింది.