కాశమ్మ గెలిచిన షుగర్ పందెం

నా ఒంట్లో షుగర్ ఎంతంటే, నేను లాల్‌దర్వాజా నుంచి లాడ్ బజార్ దాకా నడిస్తే వెనకాల చీమలు బారు కట్టి వస్తాయి. ఒకరోజు ట్రాఫిక్ పోలీసు బస్సు ఆపి మరీ వాటికి దారి ఇచ్చాడు. ఈ సంగతి మా గల్లీలో సగంమంది నమ్మారు. మిగతా సగం ఆడవాళ్ళు.

మొన్న గల్లీ మొదట్లో షుగర్ పరీక్షల క్యాంపు పెట్టారు. బెంచీల నిండా మగవాళ్ళమే. ఆడమనిషి ఒక్కతే కనబడింది, సూది పట్టుకున్న నర్సు సుజన.

“ఆడోళ్ళు ఏరి బాపు?” అంది.

“షుగర్ మగోళ్ళ జబ్బు బిడ్డా. మా గల్లీల దానితోని పోయినోళ్ళంత మగోళ్ళే,” అన్నాను.

“గట్లనా? పేర్లు చెప్పుండ్రి మరి.”

నేనూ, పక్కింటి కరీం భాయీ వేళ్ళు మడిచాం. ఇరవై ఏళ్ళ కిందట పోయినవాళ్ళలో మగవాళ్ళు ఏడుగురు, ఆడమనిషి ఒక్కతే. మీసం దువ్వాను. ఈ ఐదేళ్ళ సంగతికి వచ్చేసరికి మగవాళ్ళు ఇద్దరే. ఎదురింటి సక్కుబాయి మొదలు ఆడవాళ్ళు ఐదుగురు.

“అరే మల్లన్నా, హిసాబ్ ఉల్టా అయింది భాయ్!” అన్నాడు కరీం.

“మీకు షుగర్ గోలీలు యాది చేసేది, మిఠాయి గుంజుకునేది పెండ్లాలే. మరి వాళ్ళను చూసేదెవరు?” అంది సుజన.

మా కాశమ్మ నా చేతిలోంచి గుంజుకున్న మిఠాయి ఏనాడూ పారేయలేదు. పాపం తగులుతుందని తనే తినేది. నాకు షుగర్ వచ్చిన ఈ పన్నెండేళ్ళుగా ఇద్దరి వాటా ఒక్కతే తింటోంది! రెండు నెలలుగా ఆమె కాలి వేలికి పుండు. పసుపు పెడుతోంది, మానడం లేదు.

ఇంటికి పరుగెత్తాను.

“నాకేం రోగం? అన్నం మాడుతది, పో,” అంది.

బతిమాలితే వినే మనిషి కాదు.

“నీ షుగర్ నా షుగర్ ముందట ఏంది గని, పందెం కడ్తవా? ఎవలకు ఎక్కువొస్తే వాళ్ళు నెలదాక పొయ్యి ముట్టొద్దు!” అన్నాను.

కొంగు దోపి నాకన్నా ముందే బయలుదేరింది.

నాకు నూట అరవై. ఆమెకు మూడు వందల తొంభై.

“గెలిచిన!” అని చప్పట్లు కొట్టింది కాశమ్మ. సుజన మాత్రం పుండు చూసి, “ఇంకో నెల ఆగుంటే కాలు దక్కకపోతుండె అమ్మా,” అని అప్పటికప్పుడే దవాఖానకు చీటీ రాసింది.

మర్నాడు నేను జొన్నరొట్టె చేస్తుంటే ఆడవాళ్ళంతా కిటికీ దగ్గర మూగారు. నా రొట్టె కిందపడితే ఫలక్‌నుమా దాకా నేల అదిరింది. ఎక్కువొస్తే వంట తప్పుతుందని తెలిసి మధ్యాహ్నానికల్లా వాళ్ళందరూ క్యాంపు ముందు లైను కట్టారు.

నెల తిరిగింది. పుండు ఎండింది. మళ్ళీ అదే పందెం కట్టాం. ఈసారి ఆమెకు నూట యాభై, నాకు నూట అరవై అయిదు.

“ఓడిపోయిన,” అని మూతి ముడిచింది.

నేను గల్లీ నడుమ చిందులేశాను.

“వంట తప్పిందని గింత సంబురమా? సిగ్గులేదు!” అని తిట్టింది.

అవునన్నాను.