నలుగురమ్మల ఎరువు డబ్బా

మా చిన్నదాని స్కూల్లో ఈ ఏడాది కొత్తగా ఒక పీరియడ్ పెట్టారు. పర్యావరణం, ఆరోగ్యం, కలిసి పనిచేయడం, మూడూ ఒకే దెబ్బకి నేర్పేస్తారట. నలుగురేసి పిల్లలకి ఒక పెద్ద ప్లాస్టిక్ డబ్బా ఇచ్చారు. అందులో మట్టి, ఎండుటాకులు, కూరగాయల తొక్కలు, పది వానపాములు. నెల రోజుల్లో అదంతా ఎరువు కావాలి. రోజూ మూత తీసే ముందు పిల్లలు కళ్ళు మూసుకుని ఐదు నిమిషాలు గుండెల నిండా గాలి పీల్చుకోవాలి. అది ఆరోగ్యం. ఆ తర్వాతే మూత తీయాలి. పీల్చుకోవడం ముందే పూర్తయ్యేలా చూసిన సైన్సు టీచరు తెలివికి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

పనులు పంచారు. ఒకమ్మాయి తొక్కలు తేవాలి, ఒకమ్మాయి నీళ్ళు చల్లాలి, ఒకమ్మాయి కలియబెట్టాలి. మా చిన్నది థర్మామీటరు గుచ్చి వేడి చూసి, జరిగిందంతా నోటుపుస్తకంలో రాయాలి. ఆ ముగ్గురూ ఎల్‌కేజీ నుంచి ఒక జట్టు. నాలుగో మనిషి కావాలి కాబట్టి టీచరు మాదాన్ని తెచ్చి అతికించింది. మొదటివారం ఇంటికొచ్చి బ్యాగు కూడా దించకుండా, "నన్ను 'రాసేది' అని పిలుస్తున్నారమ్మా" అంది. మూడోవారానికి మధ్యాహ్నం తిండి దగ్గర దీనికి చోటు పట్టి ఉంచడం మొదలుపెట్టారు. ఆ కబురు చెప్పిన రోజు రెండు చపాతీలు ఎక్కువ తింది. ఆరేళ్ళ స్కూలు చదువులో దీనికొకరు చోటు పట్టడం అదే మొదలు.

పిల్లలకి కలిసి పనిచేయడం వచ్చిందో లేదో గానీ, అమ్మలకి మాత్రం ఒక వాట్సాప్ గ్రూపు వచ్చింది. దాన్ని నడిపేది తొక్కలు తెచ్చే పిల్ల తల్లి. నేను మనసులో కెప్టెనమ్మ అని పిలుచుకుంటాను. 'ఉల్లి తొక్కలు వేయకండి, పాములకి పడవు.' 'వేయొచ్చండీ, మా మరిది వ్యవసాయం చదివాడు.' 'మీ మరిది బ్యాంకులో కదండీ పనిచేసేది?' రోజుకి నలభై మెసేజులు. పాముల గురించి నా పెళ్ళికి ముందూ తర్వాతా కలిపి కూడా ఇన్ని మాటలు వినలేదు.

శని, ఆదివారాలు స్కూలుకి సెలవు కాబట్టి డబ్బా వంతులవారీగా ఒక్కో ఇంటికి చుట్టపుచూపుగా వెళ్తుంది. ఆఖరి వంతు మాది. సోమవారం తల్లిదండ్రుల ముందు ప్రదర్శన.

శుక్రవారం సాయంత్రం డబ్బాని బాల్కనీలో నీడకి పెట్టి, "ఎవరూ ముట్టుకోకండి" అని ఇంటిల్లిపాదికీ చెప్పాను. ఇంటిల్లిపాదిలో మా అత్తయ్య ఉన్నారు. నేను చెప్పేటప్పుడు ఆవిడ టీవీ చూస్తున్నారు. తప్పంతా అక్కడే జరిగింది.

శనివారం పొద్దున చిన్నదాన్ని డ్రాయింగు క్లాసులో దింపి కూరలు కొనుక్కుని వచ్చేసరికి, డబ్బా బాల్కనీలో ఎండలో బోర్లించి ఉంది. తళతళ మెరిసిపోతోంది.

"అత్తయ్యా! ఇందులోది ఏదీ?"

"ఏదేమిటే, చెత్త బండివాడు వచ్చాడు, ఇచ్చేశా. అంత కంపు పక్కన పెట్టుకుని కాఫీ ఎలా తాగుతున్నారో మీరు! పైగా పురుగులు కూడా పట్టాయి. సబ్బుపొడి వేసి మూడుసార్లు తోమాను. చూడు, కొత్తదానిలా లేదూ?"

"అది మీ మనవరాలి చదువు అత్తయ్యా!"

"చదువుకి పురుగులు పట్టేదాకా ఏం చేస్తున్నావు మరి?"

డిగ్రీ చదివిన కోడలిని, కూరల సంచితోనే వీధి చివరిదాకా పరిగెత్తాను. బండి ఎప్పుడో మలుపు తిరిగిపోయింది.

సిగ్గు విడిచి కెప్టెనమ్మకి ఫోన్ చేశాను. ఆవిడ అయ్యో అనలేదు, ఆశ్చర్యపోలేదు. "కంగారు పడకండి. పెద్ద రోడ్డు మీద మొక్కలమ్మే కొట్టుంది కదా, అక్కడ పచ్చరంగు ప్యాకెట్ అడగండి, ఎర్రది వద్దు. పైన నాలుగు ఎండుటాకులు చల్లితే సరి. పిల్లలకి చెప్పకండి, చిన్న మనసులు" అంది. ఇంత వివరంగా ఎలా తెలుసో ఆ కంగారులో నాకు తట్టలేదు.

పచ్చ ప్యాకెట్ తెచ్చి డబ్బా నింపాను. నాకే ముచ్చటేసింది. నల్లగా, పొడిపొడిగా, పుస్తకంలో బొమ్మలా ఉంది.

చిన్నది వచ్చి, కళ్ళు మూసుకుని ఐదు నిమిషాలు గాలి పీల్చుకుని, మూత తీసి, థర్మామీటరు గుచ్చింది.

"అమ్మా, ఇది మాది కాదు."

"డబ్బా మీదేనే."

"డబ్బా మాదే. లోపలిది కాదు. నిన్న ముప్ఫై నాలుగుంది, ఇవాళ ఇరవై ఏడు. వాసనే లేదు. పాముల్లేవు." నా మొహం చూసింది. "ఏమైంది?"

చెప్పక తప్పలేదు. అంతా విని, నోటుపుస్తకం తెరిచింది.

"అది రాయాలా ఇప్పుడు?" అన్నాను.

"నా పని అదే కదా."

"నీ పని చల్లగుండ! మార్కులు పోతాయి. ఆ ముగ్గురూ మళ్ళీ నీతో మాట్లాడటం మానేస్తారు, చూసుకో." అనేశాక నాలుక కరుచుకున్నాను.

పెన్సిలు ఆగింది. "తెలుసు" అంది. "వాళ్ళ ఇళ్ళల్లో ఇలా మొత్తం పోలేదు."

కళ్ళు తుడుచుకుంటూనే రాసింది. అక్షరాలు మాత్రం వంకర పోలేదు. ఆ రాత్రి ఒక్క చపాతీయే తింది.

సోమవారం పిల్లల బుల్లి కుర్చీల్లో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చున్నాం తల్లులమంతా. తరగతి మూల నలుగురు పిల్లలు తలలు దగ్గర పెట్టుకుని ఏదో మాట్లాడుకుంటున్నారు. కెప్టెన్ పిల్ల ఒకసారి తలెత్తి నావైపు సీరియస్‌గా చూసింది.

టీచరు మాచేత కూడా గాలి పీల్పించింది. తర్వాత మా చిన్నది లేచి నోటుపుస్తకం చదివింది.

"మొదటి శనివారం. డబ్బా సగం ఖాళీగా ఉంటే బాగుండదని ఆంటీ పచ్చ ప్యాకెట్ ఎరువు కొని పైన పోశారు."

కెప్టెనమ్మ హ్యాండ్‌బ్యాగులో ఏదో వెతకడం మొదలుపెట్టింది.

"రెండో శనివారం. చుట్టాలు వస్తున్నారని ఇంకో ఆంటీ డబ్బాలో సెంటు కొట్టారు. పాములు మూడు చచ్చిపోయాయి. మూడో శనివారం. పాములకి ఉక్కపోస్తుందని అంకుల్ రాత్రంతా ఏసీ గదిలో పెట్టారు. వేడి ఆరు డిగ్రీలు తగ్గింది. నాలుగో శనివారం." పేజీ తిప్పింది. "మా నానమ్మ డబ్బా తోమేసింది. మిగిలిన ఏడు పాములూ పోయాయి. ఇప్పుడున్నది మా అమ్మ కొన్నది."

అమ్మలం నలుగురం నాలుగు దిక్కులు చూస్తున్నాం.

"ఇవన్నీ నీకెవరు చెప్పారు?" అంది టీచరు.

"మేమే టీచర్" అని కెప్టెన్ పిల్ల లేచింది. "ఎవరింట్లో ఏం జరిగినా సోమవారం దాచకుండా చెప్పాలి, తను రాయాలి. అది మా రూలు." ఆగి, అమ్మలందరినీ ఒక చూపు చూసి, "మళ్ళీ మొదటినుంచి చేస్తాం టీచర్. ఈసారి డబ్బా ఇళ్ళకి ఇవ్వొద్దు" అంది.

టీచరు నవ్వాపుకోలేక బోర్డువైపు తిరిగింది.

డబ్బాలోది బడితోటలో పారబోయడానికి పిల్లలు బయల్దేరారు. మాది నోటుపుస్తకం గుండెకి హత్తుకుని ఒక పక్కగా నిలబడింది. కెప్టెన్ పిల్ల దాన్ని పేరు పెట్టి పిలిచి, "అలా చూస్తావేంటే, బరువుగా ఉంది, నువ్వా చివర పట్టుకో" అని కసిరింది. మాది పరిగెత్తుకుంటూ వెళ్ళి పట్టుకుంది.

ఆ రోజు గ్రూపులో ఒక్క మెసేజు రాలేదు. రాత్రి చిన్నదానికి నాలుగో చపాతీ వేస్తూ, "ఇంక డబ్బా ఇళ్ళకి పంపరట అత్తయ్యా" అన్నాను.

అత్తయ్య నొచ్చుకున్నారు. "అదేమిటే, అంత శుభ్రంగా తోమి పంపిస్తేనూ!"