ఎడమ చెవిలో జీర

నేను ఒక హెడ్‌ఫోన్‌ను. చెవి రంధ్రంలో దూరి, చెమటకు జారి, ఏ బస్సు సీటు కిందో పోయే రకాన్ని కాదు. చెవిని పూర్తిగా కప్పే గిన్నెలు రెండు, తల మీదుగా వాటిని కలిపే పట్టీ, గిన్నెల వీపున ఇనుప జాలీ. ఆ జాలీ లోంచి గాలీ చప్పుడూ ధారాళంగా వచ్చిపోతాయి. అందువల్ల నాలో పాట ఎదురుగా కూర్చుని పాడినట్టు వినిపిస్తుంది, డబ్బాలో తల పెట్టి పాడినట్టు కాదు. ఇదంతా గొప్ప కోసం చెప్పడం లేదు. ఒక మనిషి మీద నా చేత నింద వేయించారు. నా సంగతి తెలియకపోతే ఆ నింద సంగతి మీకు అర్థం కాదు.

నన్ను తయారు చేసిన చోట ఒక స్త్రీ పొద్దస్తమానం జతలు కలుపుతూ ఉండేది. మా లోపల చప్పుడు పుట్టించే పలచటి పొర ఒకటి ఉంటుంది. ఏ రెండు పొరలూ ఒకేలా మోగవు. నా ఎడమకు సరిపోయే కుడి దొరకడానికి ఆమె పదిహేడు పొరలు మార్చి విన్నది. పెళ్ళి సంబంధాలు చూసేవాళ్ళకు కూడా అంత ఓపిక ఉండదు. చివరికి తలూపి లోపల చిన్న ముద్ర వేసింది. వచ్చిన చప్పుడును వచ్చినట్టే ఇస్తుంది, సొంతంగా ఏమీ కలపదు అని దాని అర్థం.

కాకినాడ చేరాక అదే నా లోపమైంది.

మెయిన్ రోడ్డులో వాయిద్యాలు అమ్మే దుకాణంలో నన్ను అద్దాల బీరువాలో పెట్టారు. వచ్చినవాళ్ళు పుచ్చు వంకాయ ఏరినట్టు నా మెత్తలను నొక్కి చూసేవారు. పట్టీని రెండు వైపులా లాగి, విరుగుతుందేమో అని దుకాణదారునే అడిగేవారు. తర్వాత ఫోన్ తీసి, నేల అదిరే సినిమా పాట ఒకటి పెట్టి, అర నిమిషం విని, చప్పగా ఉందని తీసేసేవారు. చప్పగా ఉందట! వాళ్ళు తెచ్చిన పాటలో ఉన్నదే నేను ఇచ్చాను. నా పక్కన నల్లటి హెడ్‌ఫోన్ ఒకటి ఉండేది. అది ఏ పాటలోనైనా రెండు గరిటెల డప్పు కలిపి వడ్డించేది. మంగళహారతిలో కూడా డప్పే. దానికి గిరాకీ ఎక్కువ. ఇంకోటి బయటి చప్పుళ్ళన్నిటినీ మింగేసేది. దాన్ని పెట్టుకుంటే కుక్కర్ ఎన్ని కూతలు కూసినా తెలియదని అదొక సుగుణంగా చెప్పి అమ్మేవారు. అన్నం మాడితే ఎవరు తింటారో చెప్పేవారు కాదు.

అలాంటి రోజుల్లో సారథి వచ్చాడు. విద్యుత్ సబ్‌స్టేషన్‌లో ఇంజనీరు. సాయంత్రాలు ఇంట్లో వెనక గదిలో కూర్చుని నృత్యం నేర్చుకునే పిల్లలకు ల్యాప్‌టాప్ కంప్యూటర్ మీద పాటలు కూర్చి ఇస్తాడు. అతని కూతురు లహరి కూచిపూడి రంగప్రవేశం రెండు నెలల్లో ఉంది. గాయని, మృదంగం, వేణువు అందరినీ ఒకే రోజు కూర్చోబెట్టడం కుదరక, ఒక్కొక్కరినీ విడిగా రికార్డు చేసి ఇంట్లోనే కలపాలని అతని ఆలోచన. అందుకు మంచి హెడ్‌ఫోన్ కావాలి. మూడు నెలలు చదివి ఒక నోటుపుస్తకం నిండా అంకెలు రాసుకున్నాడు. తీరా దుకాణంలో ఆ పుస్తకం సంచీలోంచి తీయలేదు. నల్లదాన్ని రెండు నిమిషాలు విని, "ఇదే బాగుంది, గుండెల్లో కొడుతోంది" అన్నాడు.

చదువుకున్నవాళ్ళ చదువు ఎక్కడ పనికి రావాలో అక్కడే పనికి రాకపోవడం నాకు ఇప్పటికీ విడ్డూరమే.

అతని భార్య హైమవతి మాత్రం తన ఫోన్లోంచి ఒక పాట పెట్టి మూడింటిలోనూ తీరిగ్గా విన్నది. అది ఆమె పిన్ని సీతారావమ్మ నృత్య తరగతిలో పాడుతుండగా తీసిన ముక్క.

"ఏవండీ, ఆ నల్లదాంట్లో పిన్ని వెనకాల ఎవరో డ్రమ్ములు వాయిస్తున్నట్టుంది. దీంట్లో పిన్నొక్కతే ఉంది" అన్నది.

దుకాణదారు ఊరుకోలేదు. "అది చప్పగా ఉంటుందమ్మా. తర్వాత మమ్మల్ని అనకూడదు."

"ఉప్పు మేం వేసుకుంటాం లెండి" అన్నది హైమవతి.

ఆ మాటతో నేను ఆమె పక్షం అయిపోయాను. అదే తర్వాత నన్ను ఎక్కువ బాధపెట్టింది.

ఆ ఇంట్లో నన్ను గొడుగు పక్కన మేకుకు తగిలించారు. సారథి తలకు రాసుకున్న కొబ్బరినూనె నా మెత్తలకు అంటేది. హైమవతి తడిగుడ్డతో తుడిచి, "తల స్నానం చేశాక పెట్టుకోండి, నూనె పెట్టుకున్న రోజు ముట్టుకోకండి" అని నియమం పెట్టింది. నియమం రెండు వారాలు నడిచింది. ఇవన్నీ నేను క్షమించాను.

సీతారావమ్మ సంగతి చెప్పాలి. ఆమెకు అరవై నాలుగేళ్ళు. రెండు వీధుల అవతల ఒక్కతే ఉంటుంది. నలభై ఏళ్ళుగా నృత్యం చేసే పిల్లల వెనక పాడుతోంది. వేదిక మీద వెలుగంతా పిల్లల మీద ఉంటుంది, ఆమె పక్కన చాప మీద ఉంటుంది. ఇన్నేళ్ళలో ఆమె పాటను పద్ధతిగా రికార్డు చేసినవాళ్ళు లేరు. లహరి రంగప్రవేశానికి ఆమె చేతే పాడిద్దాం అని సారథి అడిగితే రెండు రోజులు నావల్ల ఏమవుతుందని తప్పించుకుంది. మూడో రోజు తనే ఫోన్ చేసి, రికార్డింగుకు ఏ చీర కట్టుకోమంటావని హైమవతిని అడిగింది. కెమెరా ఉండదు పిన్నీ అంటే, ఉండకపోతే మాత్రం, పాట నలుగురిలోకీ వెళ్ళేదే కదా అన్నది. అంత ఆశ పెట్టుకుంది.

ఇంతలో దసరా వచ్చింది. ఆయుధపూజ నాడు సారథి స్కూటరు కడిగి, పనిముట్లన్నీ బల్ల మీద పేర్చాడు. స్క్రూడ్రైవర్లకు బొట్టు, కంప్యూటరుకు బొట్టు, మైకుకు బొట్టు. నాకు ప్రత్యేక మర్యాద చేద్దామనుకున్నాడు. అరగదీసిన గంధాన్ని చిక్కగా బొటనవేలితో తీసి, రెండు జాలీల మీదా గట్టిగా అదిమి పూసి, మధ్యలో కుంకుమ పెట్టాడు. భక్తిని నేను తప్పుపట్టను. కత్తికి గంధం పూస్తే కత్తి తెగడం మానదు. సుత్తికి పూస్తే సుత్తి కొట్టడం మానదు. కాని నేను చప్పుడు వచ్చిపోయే తలుపులు తెరుచుకుని బతికే వస్తువును. తెరిచి ఉన్న తలుపులో ముద్ద పెట్టి అదిమితే అది ఎక్కడికి పోతుంది? మెత్తల మీద నూనె మరక చూసి నియమం పెట్టిన ఆ ఇంట్లో ఈ ప్రశ్న ఒక్కరికీ రాలేదు.

గంధం ఎండింది, పెచ్చులు కట్టింది. ఒక చిన్న పెచ్చు జాలీ లోంచి రాలి నా ఎడమ పొర మీద పడింది. మామూలు మాటకు అది కదలదు. మృదంగం మోతలో కలిసిపోతుంది. గొంతు పై షడ్జానికి వెళ్ళినప్పుడు మాత్రం ఆ పెచ్చు పొరతో పాటు వణికి, సన్నగా, రాపిడిగా, అచ్చం మనిషి గొంతులో పుట్టినట్టే జీర పుట్టించేది.

సీతారావమ్మ రెండు ఉదయాలు వచ్చి మూడు అంశాలు పాడి వెళ్ళింది. ఆమె వెళ్ళాక సారథి నన్ను పెట్టుకుని విన్నాడు. పై షడ్జం దగ్గర ఆగి, వెనక్కి తిప్పి, మళ్ళీ విన్నాడు. హైమవతిని పిలిచాడు. ఆమె మొదటిసారి వినగానే ముఖం చిన్నబోయింది. ఫోన్ స్పీకరులో పెట్టి చూశారు. జీర లేదు. ఫోన్లో ఏం తెలుస్తుంది, అది అన్నిటినీ కప్పేస్తుంది అన్నాడు సారథి. మైకు పాడైందేమో అని కూడా అన్నాడు.

అప్పుడు హైమవతి అన్నది. "మైకైతే మాటలో కూడా రావాలి కదండీ. ఈ హెడ్‌ఫోన్ లేనిది చెప్పదు."

లేనిది చెప్పనన్న నా మంచిపేరే నా మెడకు ఉరి అయింది. అరవగలిగితే అరిచేదాన్ని. కాని నాకు సొంత గొంతు లేదు, ఎప్పుడూ ఎవరిదో ఒకరిది మోయడమే.

ఆదివారం సీతారావమ్మ డబ్బా నిండా జంతికలు పట్టుకుని పాట వినడానికి వచ్చింది. హైమవతి ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, లహరి తరగతిలో రోజూ పాడుతున్నావు కదా పిన్నీ, గొంతు అలిసినట్టుంది అని మొదలుపెట్టింది.

"అలిసిందా?"

"పైకి వెళ్ళినప్పుడు కాస్త జీర వస్తోంది."

ఆమె డబ్బా మూతను బిగించింది. "అరవై నాలుగేళ్ళ గొంతమ్మా. జీర రాక జున్ను వస్తుందా" అని నవ్వింది. వేరే వాళ్ళ చేత పాడించుకోండి, పిల్ల అడుగు తప్పకూడదు అని తనే చెప్పింది.

నేను బల్ల మీద, ఆమె చేతికి జానెడు దూరంలో ఉన్నాను. ఎవరి గొంతు మీద తీర్పు చెప్పారో ఆమె చెవులకు నన్ను ఒక్కసారి పెట్టాలని ఎవరికీ తోచలేదు. యంత్రం చెప్పింది, చదువుకున్న అల్లుడు విన్నాడు, ఇక తను వినడం దేనికి అనుకుని ఆమె కూడా అడగలేదు. నన్ను మండించేది ఇదే. ఒక్క నిమిషం పెట్టి ఉంటే, ఇన్నేళ్ళు తన గొంతుతో కాపురం చేసిన మనిషి, ఇది నాది కాదని చెప్పి ఉండేది.

తర్వాతి కబురు లహరి తెచ్చింది. "అమ్మమ్మ క్లాసులో పాడటం లేదమ్మా. తాళం వేసి ఊరుకుంటోంది. ఎప్పుడు చూసినా బుగ్గలో కరక్కాయే."



సామర్లకోట నుంచి సుమేధ అనే అమ్మాయిని పిలిపించారు. సంగీత కళాశాలలో చదువుతోంది, ఇరవై రెండేళ్ళు ఉంటాయి. నదురూ బెదురూ లేకుండా పాడింది. సారథి నన్ను పెట్టుకుని విన్నాడు. పై షడ్జం దగ్గర కనుబొమలు ముడిపడ్డాయి.

"జలుబు చేసిందా అమ్మా?"

"లేదండీ. జీరగా ఉందాండీ?" ఆ పిల్ల చేయి గొంతు మీదికి పోయింది. వచ్చే వారం తనకు పరీక్ష ఉందని, పాడి చూపించాలని చెప్పింది. విశ్రాంతి తీసుకోమని, మళ్ళీ చూద్దామని పంపేశారు. మెట్లు దిగుతూ ఆమె రెండుసార్లు గొంతు సవరించుకోవడం నేను విన్నాను. వచ్చేటప్పుడు ఆ అలవాటు లేదు.

హైమవతి నన్ను తీసుకుని పిన్ని పాట, ఈ పిల్ల పాట ఒకదాని తర్వాత ఒకటి పెట్టింది. నాలుగుసార్లు విన్నది.

"ఏవండీ, ఇలా రండి. అరవై నాలుగేళ్ళ గొంతుకీ ఇరవై రెండేళ్ళ గొంతుకీ ఒకే స్వరం దగ్గర, ఒకే జీర ఎలా వస్తుంది? అదీ ఎడమ చెవిలోనే."

ఆమె కుట్టుమిషను సొరుగులోంచి చిన్న స్క్రూడ్రైవరు తెచ్చి నా ఎడమ గిన్నె విప్పింది. గోటితో పెచ్చును తీసి అరచేతిలో పెట్టుకుంది. పెసరబద్దంత కూడా లేదు. ఒక అంచున కుంకుమ ఎరుపు ఇంకా ఉంది.

"నేనే పూశాను" అన్నాడు సారథి.

"చూస్తూ నేనే నిలబడ్డాను" అన్నది హైమవతి. నన్నూ కంప్యూటరునూ గుడ్డసంచీలో పెట్టుకుని అప్పుడే బయల్దేరింది.

సీతారావమ్మ వరండాలో చిక్కుళ్ళు ఈనెలు తీస్తోంది. బుగ్గ ఉబ్బి ఉంది. హైమవతి ఏమీ చెప్పకుండా నన్ను ఆమె చెవులకు పెట్టింది. జడను పక్కకు తప్పించి, పట్టీని సరిచేసింది. ఆమె పాడిన అంశాలు మొదటి నుంచి పెట్టింది. ఆమె చిక్కుళ్ళ చేట పక్కన పెట్టి, కళ్ళు మూసుకోకుండా, గోడకేసి చూస్తూ విన్నది. రెండో అంశం మధ్యలో చూపుడువేలు ఎత్తి ఆపమన్నది.

కరక్కాయ తీసి కిటికీలో పెట్టింది. "జీర ఏదీ?"

హైమవతి గంధం సంగతంతా చెప్పింది. చెబుతున్నప్పుడు పిన్ని ముఖంలోకి చూడలేకపోయింది.

"రెండో చరణంలో పై షడ్జం అందలేదు. ఒక వెంట్రుకవాసి కింద ఆగాను. అది మీరెవరూ చెప్పలేదే" అన్నది సీతారావమ్మ.

"బాగానే ఉంది పిన్నీ."

"బాగానే ఉండటం వేరు. రేపొచ్చి మళ్ళీ పాడతాను." అంతలోనే, "ఆ సామర్లకోట పిల్లక్కూడా జీరనే చెప్పారా?" అని అడిగింది.

"చెప్పాం."

"మరి నా దగ్గర కూర్చున్నావేం? ముందు దానికి ఫోన్ చెయ్యి. నాదేముంది, ఎవరేమన్నా కరక్కాయ నమిలి ఊరుకుంటాను. దానికి ఇంకా గొంతు మీదే బతకాల్సిన రోజులున్నాయి."

హైమవతి వరండా చివరికి వెళ్ళి ఫోన్ చేసింది. "సుమేధా, నీ గొంతు బాగుందమ్మా. ఏ దోషమూ లేదు. మా హెడ్‌ఫోన్ పాడై..."

నా ఒంట్లో ప్రాణం ఉంటే అక్కడే దుమికి ఉండేదాన్ని. ఇన్ని రోజుల తర్వాత కూడా తప్పు నాదే అయింది. మనుషులు క్షమాపణ చెప్పుకునేటప్పుడు సైతం ఒక వస్తువును ముందు నిలబెట్టి దాని వెనక నిలబడతారు.

నేను ఇంకా సీతారావమ్మ చెవుల మీదే ఉన్నాను. నా జాలీల్లోంచి ఆ మాటలు ఆమెకు చక్కగా వినిపించాయి.

"హైమా" అని పిలిచింది. గొంతు పెంచలేదు. "దాని మీదికి తోసెయ్యకు. పూసింది మీరు, విన్నది మీరు, మాట అన్నది మీరు. జరిగింది జరిగినట్టు చెప్పు."

హైమవతి కొంగు సర్దుకుంది. ఫోన్ మళ్ళీ చెవికి ఆనించుకుంది. "మేం పూజలో గంధం పూశామమ్మా. అది లోపల పడింది. చూసుకోకుండా నీ గొంతును అన్నాం. తప్పు మాది" అన్నది.

తర్వాత ఫోన్‌ను స్పీకరులో పెట్టి పిన్ని దగ్గరికి తెచ్చింది. సీతారావమ్మ నా ఎడమ గిన్నెను చెవి మీంచి కాస్త పక్కకు జరిపి, మెడ చాచి ఎదురుచూసింది. అప్పుడు ఫోన్లోంచి, గొంతు సవరించుకోకుండా, ఆ పిల్ల పై షడ్జం అందుకుంది.