అక్షింతల పురుగు

కరకర... కరకర...

వంగాకు మీద అక్షింతల పురుగు. రాగిరంగు పెంకు, పెంకు నిండా నల్లచుక్కలు. ఆకును జల్లెడ చేస్తోంది. ఉత్తరాదిన, సోనారి క్వార్టరు పెరట్లో గొంతుకూర్చుని జగదాంబ దాన్నే చూస్తోంది.

పక్కన నిమ్మచెట్టు మీద సీతాకోకచిలుక.

దాన్ని చూస్తే అందరికీ మురిపెం. దీన్ని చూస్తే చెప్పు తీస్తారు.

ఎందుకు? ఆకు తిన్నందుకా? మరి నిమ్మచెట్టును మోడు చేసిన గొంగళి ఎవరు? చిన్నప్పుడు అది మేసిన మేత ఎవరికీ గుర్తుండదు. రెక్కలొచ్చాక తేనె తాగే పెద్దమనిషి అయిపోయింది. ఇది మాత్రం ఏనాడూ ఏదీ దాచుకోలేదు — పుట్టినప్పుడూ ఆకే, పెరిగాకా ఆకే.

జగదాంబకు ఒళ్లు మండిపోయింది.

ఉగాదికి తెలుగువాళ్ల సంబరంలో 'తోట' నాటకం. తెల్లగా, నాజూకుగా ఉండే అక్క పద్మకుమారి సీతాకోకచిలుక. నల్లగా, బొద్దుగా ఉండే జగదాంబ పురుగు. అక్క ఆడాలి. తను పాకాలి. తోటమాలి కర్రతో కొడితే వెల్లకిలా పడి చావాలి. జనం నవ్వాలి.

"దీనికీ రెక్కలున్నాయి మాస్టారూ. పెంకు కింద... నాను చూసాను," అంది రిహార్సల్లో.

నాటకం నేర్పే నీలకంఠం మాస్టారు పకపకా నవ్వాడు. "పురుగు పురుగులాగే ఉండాల. పడు!"

ఇంటికొచ్చాక అమ్మ సింహాచలమ్మ గడ్డం పట్టుకుంది. "ఒక్కసారి పడిపోతే నీ సొమ్మేటి పోద్దే?"

"నహీ గిరూంగీ."

పడనని హిందీలో తెగేసి చెప్పి, విసురుగా పెరట్లోకి వెళ్లిపోయింది.

ఉగాది సాయంత్రం హాలు కిక్కిరిసింది. పద్మకుమారి జరీ రెక్కలతో తిరుగుతుంటే చప్పట్లు... చప్పట్లు. తర్వాత, మసిచుక్కలు పెట్టిన రాగిరంగు బొంత కప్పుకుని జగదాంబ పాకుతూ వచ్చింది. నవ్వులు. తోటమాలి వేషంలో సూర్యం కర్ర ఎత్తాడు. కొట్టాడు.

ఆమె పడలేదు.

మళ్లీ కొట్టాడు. ఈసారి కాస్త గట్టిగానే తగిలింది.

"పడవే!" తెర పక్కనుంచి మాస్టారు పళ్లు కొరికాడు.

జగదాంబ లేచి నిలబడింది. బొంత రెండు కొసలూ పట్టుకుని చేతులు బార్లా చాపింది. లోపల జరీ లేదు, తళుకు లేదు. అమ్మ పాత చీరల అతుకులు — పసుపు, ఎరుపు, వెలిసిపోయిన నీలం. అయినా చాపింది. ఇంకా చాపింది.

హార్మోనియం ఆగిపోయింది. అక్క ఆట మరిచి నిలబడిపోయింది. ఏం చేయాలో తోచక సూర్యం కర్ర అలాగే ఎత్తి పట్టుకున్నాడు.

జగదాంబ ముందు వరసలో ఉన్న అమ్మ వైపే చూసింది. ఈసారి అమ్మ భాషలోనే అంది, హాలంతా వినపడేలా —

"నాను సావను."