కనుమవాకిటి తాళపుఁజెవి

అది గ్రీష్మర్తువు. మార్తాండుండు నభోమధ్యమునఁ బ్రచండకిరణముల గ్రుమ్మరించుచుండ నెఱ్ఱనికొండల నడుమ నిఱికికొనియున్న కనుమగిరి సంస్థానమునఁ బక్షులు రెక్కలు ముడిచికొని పొదల నీడలఁ జేరెను. సెలయేళ్లు సన్నగిల్లి రాళ్లసందుల డాఁగెను. కోటబురుజుమీఁది కావలివాండ్రు సైతము తలపాగలు తీసి విసరుకొనుచుండిరి. అట్టి మిట్టమధ్యాహ్నమునఁ దన యింటి పొయ్యిముందట మడిబట్టతోఁ గూర్చుండి గంజి వార్చుకొనుచున్న వృద్ధామాత్యుఁడు వల్లభప్రెగ్గడ రాజనగరునుండి వచ్చిన వార్త నాలకించి గరిటె నేలఁ బెట్టి నుదురు గొట్టుకొనెను.

కొమ్మభూపాలుఁడు మణిమంతపుర సార్వభౌముని రాయబారియగు భైరవనాయకుని నేఁటి భోజనమునకుఁ బిలిచెనఁట.

పిలిచినంతమాత్రమున మునిఁగిపోయినదేమని చదువరు లడుగవచ్చును. పడమటి సుల్తాను కనుమగిరిని మ్రింగఁ గాచుకొనియుండెను. వాని నడ్డుకొనుటకై యేడేండ్ల క్రిందట సార్వభౌముని మైత్రి వేఁడఁగా నాతఁడు వేయిమంది భటులను బంపి కోటవెలుపల దింపెను. ఆ భటులు లేకున్న సుల్తాను వచ్చును. ఉన్నచో మిత్రుఁడే యేలికయగును. ఏకు మేకైనట్లు మొదట గుఱ్ఱములకు గడ్డి నడిగినవారు పిమ్మట సాలల నడిగిరి. ఇప్పుడు కనుమవాకిటి తాళపుఁజెవి నడుగఁజూచుచుండిరి. రాజ్యమునకు రాకపోకలకెల్ల నా వాకిలి యొక్కటియే. అది మిత్రుని చేతఁ బడెనేని రాజ్యము మిత్రునిదగును. ఆ సంగతి విన్న మఱునాఁడే సుల్తాను దండెత్తును. అడకత్తెరలోని పోకచెక్కవంటి యీ రాజ్యమును బాము చావకయుఁ గఱ్ఱ విఱుగకయు ముప్పదియేండ్లు నడపుకొనివచ్చిన ప్రెగ్గడకుఁ బగవానికంటె మిత్రునికి బదులు చెప్పుటయే ప్రాణసంకటమై యుండెను.

దానికిఁ దోడు కనుమగిరి రాజుల యాచార మొకటి. విస్తరిముందుఁ గూర్చున్న యతిథి తొలిముద్ద ముట్టకమునుపు కోరినదానిని వారు లేదనరు. అలసివచ్చిన బాటసారి సిగ్గుపడక మఱికొంత పెరుగు నడుగుటకై తాతముత్తాతలు పెట్టిన మర్యాద యది. రాజ్యము నడుగువాఁడు వచ్చునని పాప మా పెద్ద లెఱుఁగరు. ఈ మర్మము చెవిఁబడినది మొదలు రాయబారి కైదుమాసములుగా రాచవిందుపైఁ గోరిక పుట్టెను. ప్రెగ్గడ యొకసారి యేకాదశి యనెను, ఒకసారి గ్రహణ మనెను, వంటవానికిఁ బురుడనెను, తుద కేమియుఁ దోఁపక వంటసాలపైఁ బిడుగు పడెననెను. మాఘమాసమునఁ బిడుగా యని రాయబారి నవ్వెను. ఇన్ని యబద్ధములాడి కాపాడిన రాజ్యమును, నాఁటి ప్రాతఃకాలమున గుఱ్ఱపుస్వారిలో రాయబారి మీ యింటి యన్నము నాకుఁ బ్రాప్తము లేదు గదా యని నిట్టూర్చినంతనే, రాజు మొగమోటమునకు లోఁబడి యొడ్డినాఁడు. చేతులమీఁదఁ బెంచినవాఁడు గనుక ప్రెగ్గడకుఁ గోపముతోఁ గూడ జాలియుఁ గలిగెను. ఆ జాలివలనఁ గోపము మఱింత హెచ్చెను.

ఆతఁడు చేతికఱ్ఱ యూఁతగా నెండలోఁ బడి నగరు సేరునప్పటికి విస్తళ్లు పఱచియుండెను. రాయబారి పీటపైఁ గూర్చుండి మీసము సవరించుకొనుచుండెను. రాజును జాటునకుఁ బిలిచి చెప్పినఁ బ్రయోజనము లేదని ప్రెగ్గడ యెఱుఁగును. పూర్వుల మాటఁ దప్పుమనినఁ గొమ్మభూపాలుఁడు ప్రాణమైన విడుచును గాని వినఁడు. మఱియొక యుపాయ మున్నది. ప్రెగ్గడ స్వయంపాకి. ముప్పదియేండ్లుగాఁ బరులు వండిన మెదు కెఱుఁగఁడు. ఆ నియమమునే తన జన్మమున మిగిలిన యొక్క పుణ్యముగా నెంచుకొనియుండెను. ఆతఁ డొకింత సేపు గడపకడ నిలిచి లోనికి వచ్చి రాయబారి ప్రక్కనున్న విస్తరిముందుఁ గూర్చుండెను.

వడ్డించువారు కొయ్యబాఱిరి. రాజు సంతసించి తన చేతులతోఁ బ్రెగ్గడకు నెయ్యి వడ్డించెను. రాయబారి గొంతు సవరించుకొనునంతలోఁ బ్రెగ్గడ చేతులు మోడ్చి "దేవా, ఈ విస్తరిముందుఁ గూర్చుండి వేఁడుచున్నాను. కనుమవాకిటి తాళపుఁజెవి నాకుఁ బ్రసాదింపుఁడు" అనెను.

రాజు తెల్లఁబోయెను. ఐనను "ఇచ్చితిమి" అని మొలనున్న తాళపుఁజెవిఁ దీసి వృద్ధుని యెడమచేతఁ బెట్టెను.

రాయబారి మొగము కందగడ్డయయ్యెను. తానును దానినే కోరవచ్చితి ననఁగా రాజు వినయముతో నది యిప్పుడు తమది కాదనియుఁ బ్రెగ్గడ నడుగవలయుననియు నుడివెను. అంతట నాతఁడు ప్రెగ్గడవంకకుఁ దిరిగి మీకును నతిథిమర్యాద కలదు గదా యని పండ్లు గొఱికెను.

"నాయకా, మా యింట నతిథికి గంజి పోయుదుము. అడిగినదెల్ల నిచ్చు నాచారము రాజులది, మాది కాదు."

రాజు లేదనలేదు గనుక సార్వభౌమునికి వ్రాయుటకు నవమానము లేదు. పరుని చేతఁ బడలేదు గనుక సుల్తానునకు దండెత్తుటకు సాకు లేదు. రాయబారి భుజించి తాంబూలము గొని వెడలెను. ప్రెగ్గడయుఁ దన ముద్ద నోటఁ బెట్టుకొనెను. ముప్పదియేండ్ల నియమ మా ముద్దతోఁ దీఱెను.

పిమ్మట రాజు నవ్వుచు "ప్రెగ్గడగారూ, గండము గడిచెను. ఇఁకఁ దాళపుఁజెవి నిట్లిండు" అని చేయి చాఁచెను.

ప్రెగ్గడ పిడికిలి బిగించెను. ఇచ్చినచో రేపు మఱల విందు. మఱల నెవఁడో నిట్టూర్చును. ఈ దయాళువు మఱలఁ గరఁగును. ఆ తలంపునకే యాతనికి విసుగు నెత్తికెక్కెను.

"ఇయ్యను ప్రభూ. మీ చేత నున్నంతకాల మది మీది కాదు, అడిగినవారిది."

ఆ మాట కొమ్మభూపాలుఁడు పుట్టినది మొదలు విననిది. ఆయన మొగమున నవ్వు మెల్లమెల్లగా నాఱిపోయెను. ప్రతిదినము ద్వారముదాఁకఁ జేయిపట్టి నడపించు వృద్ధునివంకఁ జూడకయే లోనికిఁ బోయెను. రేపటినుండి తన్ను ద్రోహి యందురనియు, రాయబారి యా మాటకు నూనె పోయుననియు, రాజు నమ్మినను నమ్మవచ్చుననియు నెఱింగియే ప్రెగ్గడ తాళపుఁజెవిని మొలఁ జెక్కుకొని యొంటిగా నెండలోనికి దిగెను. బలవంతుల నడుమ బ్రదుకఁదలఁచిన చిన్నరాజ్యమున నొల్లననువాఁ డొక్కఁ డుండితీరవలయును. వానితో నొక్కపంక్తిని గూర్చుండువారు మఱి యుండరు.