ప్రసవించిన సభ్యుడు

ప్రార్థనా మందిరం వెనక ఖాళీగా పడివున్న గది తాళంచెవి సాయంత్రం ఆరింటిలోగా చేతికి రాకపోతే, ఇస్త్రీ చేసుకుని బతికే అమ్మాయి వీధిలో పురుడు పోసుకోవలసిందే. అద్దె ఇంటివాళ్లు ఆమెను వెళ్లగొట్టి మూడు రోజులైంది. నొప్పులు మొదలై, కత్తెరక్క పనిచేసే కుట్టు కొట్టులో బట్టల మూటల మీద ఒరిగివుంది. ఆరు కొట్టగానే యజమాని ఆ కొట్టు మూసేస్తాడు.

గది సంఘాలకే ఇస్తారు. అందుకని ఇరుగుపొరుగు ఆడవాళ్లు ఎనిమిదిమంది కలిసి దీనజన సేవా సమాజం పెట్టి, ఇస్త్రీ అమ్మాయిని తొమ్మిదో సభ్యురాలిగా చేర్చుకున్నారు. కార్యదర్శి కత్తెరక్క. అధ్యక్షురాలు ఆమె వదిన. ఇద్దరూ దరఖాస్తు పట్టుకుని, గది తాళం ఉండే కచేరీలో గుమాస్తా ముందు నిలబడ్డారు. కుర్చీ ఉంది గాని, దాని మీద గుమాస్తాగారి గొడుగు కూర్చునివుంది.

"అధ్యక్షురాలు అని రాశారేంటమ్మా? ఇక్కడ 'అధ్యక్షుడు' అని అచ్చేసి ఉంటే!"

"నేను ఆడదాన్ని కదా నాయనా," అంది వదిన.

"మీరేమైనా అవ్వండి. అచ్చు మారదు."

వదిన అధ్యక్షుడైంది. తక్కిన ఎనిమిదిమందీ ఒక్కొక్కరూ 'సభ్యుడు' అయ్యారు. గుమాస్తా వేలు తొమ్మిదో పేరు పక్కన ఆగింది.

"వృత్తి, ఇస్త్రీ. సభ్యుడి వృత్తిలో స్త్రీ ఏంటండీ?" అని కొట్టేసి, 'బట్టలు వెచ్చజేయుట' అని రాశాడు. కలం తుడుచుకుని, "ఇక భర్తల అంగీకార పత్రాలు తీయండి. ఆడవాళ్ల సంఘానికి అవి తప్పవు," అన్నాడు.

"మా ఆయన పోయి పదకొండేళ్లయింది," అంది వదిన.

"అయితే రాలేకపోతున్నానని ఆయన చేత ఓ ముక్క రాయించండి."

వదిన ఆడపడుచు వంక చూసింది. కత్తెరక్కకు ఒళ్లు మండిపోయింది. అయినా గొంతు పెంచలేదు. గడియారంలో అయిదున్నర.

"ఆ కాగితం ఓసారి పైనుంచి చదవండి బాబూ. అందులో ఆడది ఎక్కడుంది?"

గుమాస్తా చదివాడు. వెనక్కి తిప్పి మళ్లీ చదివాడు.

"లేదు," అన్నాడు.

"ఉన్న ఒక్క స్త్రీనీ మీరే కొట్టేశారు. మగవాళ్లం. మాకు మొగుళ్లెందుకుంటారు?"

వాదనలో లోపం కనబడక అతడు ముద్ర వేసి తాళంచెవి ఇచ్చాడు. ఆరింటికి అయిదు నిమిషాలుండగా ఇస్త్రీ అమ్మాయి ఆ గదిలో చాప మీద పడుకుంది. దీపాలు పెట్టేవేళకు బిడ్డ ఏడ్చింది.

గది ఎందుకు వాడుకున్నదీ, అక్కడ జనన మరణాలు జరిగితే అవీ మర్నాడే కార్యదర్శి ఎదుట పుస్తకంలో ఎక్కించాలన్నది నియమం. గుమాస్తా పొందికైన అక్షరాలతో రాశాడు: "సభ్యుడు నిన్న సుఖముగా ప్రసవించాడు. తల్లీ బిడ్డా క్షేమం."

"ఆడపిల్ల," అంది కత్తెరక్క.

"ఇక్కడ జననం గడిలో 'కుమారుడు' అని అచ్చేసి ఉందమ్మా. అచ్చు మార..."

"మారనక్కర్లేదు."

ఆమె సంచిలోంచి కత్తెర తీసి, ఆ అచ్చుమాట వరకూ చతురస్రంగా, గుండీ రంధ్రం కోసినంత శ్రద్ధగా కోసి గుమాస్తా అరచేతిలో పెట్టింది. చిల్లు పక్కన 'కుమార్తె' అని తన చేత్తో రాసి, కింద కార్యదర్శిగా సంతకం చేసింది.